పాతదే కావాలి

ఆ రోజు పొద్దున బీమా ఆఫీసు గుమాస్తాకు ఒకటే పథకం. భార్య బయటికి వెళ్ళిన గంటలో ఆమె కీబోర్డు పట్టుకెళ్ళి, ఆ రోజుతో ముగిసిపోయే అయిదేళ్ళ వారంటీ కింద కొత్తది తెచ్చి ఆమెను ఆశ్చర్యపరచాలి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎవరూ చెప్పకుండా చేస్తున్న మొదటి మంచి పని ఇదేనని మురిసిపోయాడు పాపం.

సర్వీసు సెంటరులో ఇంజనీరు కీబోర్డు వంక కన్నెత్తయినా చూడలేదు. బిల్లు మీద తేదీ చూశాడు, పాతదాన్ని వెనకున్న పెట్టెలోకి గిరాటేశాడు, కొత్తది చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చిన భార్య కొత్తదాన్ని చూసి నవ్వలేదు.

"ఏమండీ, నాదేది?"

"ఇచ్చేశాను. ఒక బటన్ పట్టేసింది కదా?"

"బటన్ పోతే పోయింది! దాని మీద మా నాన్న రాసిన అక్షరాలున్నాయి కదండీ!"

నిజమే. ఆమె తండ్రి ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు. అయిదేళ్ళ కిందట కూతురికి టైపు పని దొరికిన రోజున ఆ కీబోర్డు కొనిచ్చి, ఒక్కో బటన్ మీద తెల్ల రంగుతో తెలుగు అక్షరం రాసిపెట్టాడు. తలకట్టు ఎప్పుడూ కాస్త పైకి లేపి రాసేవాడు. మరుసటి ఏడాదే పోయాడు. అప్పటినుంచీ రోజూ ఆమె వేళ్ళు పెట్టే చోట ఆయన రాత ఉండేది. ఆమె ఏడుపు మొదలుపెట్టేసరికి గుమాస్తా చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

"నాకు పాతదే కావాలి," అన్నాడు రొప్పుతూ.

"కొత్తది పనిచెయ్యట్లేదా సార్?" అని ఇంజనీరు ఇంకో కొత్తది తీశాడు.

"ఇదీ వద్దు బాబూ, పాతదే!"

మేనేజరమ్మ పరుగున వచ్చి క్షమాపణ చెప్పి, పైన ఒక మౌసు కూడా ఇవ్వబోయింది. అదీ వద్దన్నాడు. దాంతో వెనక వరుసలో నిలబడ్డవాళ్ళలో గుసగుసలు బయల్దేరాయి.

"ఊరికే ఇస్తామన్నా వద్దంటున్నాడంటే పాతవాటిలోనే ఏదో ఉంది!"

"అందుకే వీళ్ళు లాగేసుకుంటున్నారు!"

ఇంకేముంది, తమ పాత సామాన్లు తిరిగిచ్చెయ్యమని ఒకటే గోల. ఇంజనీరు విసిగిపోయి పెట్టెను బల్ల మీద బోర్లించాడు. ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకున్నారు. గుమాస్తాకు ఒక తెగిన వైరు దొరికింది. కీబోర్డు ఒక రిటైరైన పంతులమ్మ ఒళ్ళో ఉంది.

"అమ్మా, అది మా ఆవిడది."

"అయితే ఏం నాయనా? ఈ అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనబడుతున్నాయి. మనవరాలికి ఉత్తరాలు రాసుకుంటాను. నేనివ్వను."

భర్త వెనకే వచ్చిన భార్య పోట్లాడదామనే నోరు తెరిచింది. కానీ పంతులమ్మ అక్షరాలను వేలితో తడుముతూ, "ఎవరు రాశారే తల్లీ, ఇంత ముచ్చటగా?" అనేసరికి కోపం నీరుగారిపోయింది.

"మా నాన్నండీ."

"వీళ్ళిచ్చిన నా కొత్తదాని మీద కూడా రాయించవూ?"

"ఆయన లేరండీ."

గుమాస్తా భార్య ఇంజనీరు దగ్గర సామాన్ల మీద నంబర్లు వేసే తెల్ల ఇంకు పెన్ను అడిగి తీసుకుని, పంతులమ్మ కొత్త కీబోర్డు మీద తానే రాయడం మొదలుపెట్టింది. నాలుగో అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. తలకట్టు కాస్త పైకి లేచి ఉంది. వెనక్కి చూసుకుంటే అన్నిటికీ అంతే. అలా రాయమని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"చూశారా అండీ, అచ్చం నాన్న రాతే!" అంటూ ఏడుస్తూనే నవ్వేసింది.

పంతులమ్మ పాతదాన్ని ఆమె ఒళ్ళో పెట్టేసింది. ఆ తర్వాత కీబోర్డు ఉన్నవాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. ఆమె ఒక్కరినీ కాదనలేదు.

ఆఖరివాడి కీబోర్డు మీద ఆఖరి అక్షరం కూడా పడ్డాక, పైన రాతలున్న సామానుకు వారంటీ చెల్లదని ఇంజనీరుకు గుర్తొచ్చింది.