కేకలకో కమిటీ

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ప్రేక్షకుడంత అనర్థం ఇంకొకటి లేదు!

కోప్పడకండి. నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదిది. ‘అంతర్జాతీయ మ్యాచ్‌ల ప్రేక్షక వాతావరణ మెరుగుదల కమిటీ’లో నేను సభ్యుణ్ణి. మెడలో కార్డుంది. కార్డు మీద ఫొటో ఉంది. ఫొటోలో నేను నవ్వుతున్నాను. ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

నన్నెందుకు వేశారయ్యా అని మీరు అడగొచ్చు. పక్కింటివాళ్ళ మిక్సీ మోత మీద ఒకసారి ఈ కాలమ్‌లోనే నిప్పులు చెరిగాను. అది చదివిన ఛైర్మన్‌గారు, చప్పుడు గురించి ఇంత లోతుగా ఆలోచించిన మనిషి దేశంలో మరొకడు లేడని తేల్చేశారు. ఆయనకు బిస్కెట్ల కంపెనీ ఉంది. మిగతా సభ్యుల్లో ఒకాయన లిఫ్టుల్లో వినిపించే సంగీతం తయారుచేస్తాడు. ఒకావిడ షాపుల ప్రారంభోత్సవాల్లో మైకు పట్టుకుని జనంతో చప్పట్లు కొట్టిస్తుంది. రిటైర్డ్ జడ్జిగారు మీటింగు మొదలవగానే నిద్రపోతారు గానీ, నిద్రలో కూడా ‘సైలెన్స్’ అంటారు. మాలో ఒక్కరూ జన్మలో మ్యాచ్ చూసి ఎరగరు. అందుకే మాకు పక్షపాతం లేదు!

మేం రాకముందు స్టేడియం ఎలా ఉండేదో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గోల్ పడితే జనం అరిచేవారు! ఎవర్నీ అడక్కుండా అరిచేవారు! ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరు ఎవర్ని వాటేసుకుంటారో ఒక పద్ధతా పాడా? ముక్కూమొహం తెలియని మనిషి భుజం మీద తలపెట్టి ఏడ్చిన పెద్దమనుషులు కూడా ఉన్నారట. నాగరికులు చేసే పనులేనా ఇవి?

ఇప్పుడు చూడండి, ఎంత హాయిగా ఉందో! మ్యాచ్‌కి ముందే ఉత్సాహ కార్యక్రమం అచ్చువేసి ఇస్తున్నాం. ఏడో నిమిషంలో చప్పట్లు. పద్దెనిమిదో నిమిషంలో ఆశ. ముప్పయ్యో నిమిషంలో ఆనందం, ఛైర్మన్‌గారి బిస్కెట్ల సౌజన్యంతో. పెద్ద తెరమీద ‘లేవండి’ అని పడితే లేవాలి. ‘కూర్చోండి’ అంటే కూర్చోవాలి. మధ్యలో బంతి ఎక్కడుందో చూడాల్సిన అవసరమే లేదు. ఎంత శ్రమ తగ్గిందండీ మనిషికి!

చేతులు నొప్పి పుట్టకుండా ప్రతి సీటు మీదా మడతపెట్టిన అట్టముక్క పెడుతున్నాం. దాన్ని తొడకేసి కొడితే చప్పుడొస్తుంది. చప్పుడొచ్చినప్పుడల్లా బిస్కెట్ బొమ్మ కనిపిస్తుంది. గోల్ పడ్డ మరుక్షణం ప్రేక్షకుడి ఫోనుకి ప్రశ్న వస్తుంది: ‘మీ గోల్ అనుభవం ఎలా ఉంది? ఐదు నక్షత్రాలకు ఎన్నిస్తారు?’ జనం తలవంచుకుని నక్షత్రాలు నొక్కుతూ ఉంటే స్టేడియం ఎంత ప్రశాంతంగా ఉంటుందో మీరు ఊహించలేరు.

అరవడానికి ఓపిక లేనివాళ్ళ సంగతేమిటంటారా? వాళ్ళ బదులు స్పీకర్లు అరుస్తాయి! లిఫ్టు సంగీతం ఆయన ఎనిమిది రకాల జనఘోషలు తయారుచేసి ఎనిమిది బటన్లలో పెట్టాడు. బటన్లు నొక్కే ఆపరేటర్‌ని కిటికీలు లేని గదిలో కూర్చోబెట్టాం, మ్యాచ్ చూస్తే ధ్యాస చెదురుతుందని. అతనికో టీవీ ఇచ్చాం. టీవీలో ఆట కాస్త ఆలస్యంగా వస్తుంది. అందువల్ల బంతి గోలుపైనుంచి ఎగిరిపోయి, గోల్‌కీపర్ దాన్ని తెచ్చి గడ్డిమీద పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాక, ‘అయ్యో’ అని యాభైవేల మంది నిట్టూరుస్తారు. గోల్‌కీపర్ కంగారుపడి అటూ ఇటూ చూస్తాడు. అదంతా మన జట్టుకి లాభమే కదా!

ఒక్కసారి మాత్రం చిన్న పొరపాటు జరిగింది. అవతలి జట్టు గోల్ కొడితే ఆపరేటర్ దుఃఖం బదులు మహానందం నొక్కాడు. తెరమీద ‘లేచి చప్పట్లు కొట్టండి’ అని పడింది. మనవాళ్ళంతా లేచి కొట్టారు. అవతలి ఆటగాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని నాలుగు వైపులా వంగి దండాలు పెట్టారు. అతిథిమర్యాదకి ఇంతకుమించిన ఉదాహరణ ప్రపంచ క్రీడాచరిత్రలో ఎక్కడైనా ఉందా?

ఇంత చక్కటి ఏర్పాటుకి అడ్డం పడ్డ ఏకైక వ్యక్తి మా సొంత బాబాయి కావడం నా ఖర్మ.

బాబాయి బాయిలర్ల ఫ్యాక్టరీలో క్రేన్ సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ షెడ్డులో ఇనుము మీద ఇనుము మోగుతుంటే మాట వినపడదు. పైన క్రేన్ నడిపేవాడికి కిందనుంచి ఒకడు చేతుల్తో సైగ చెయ్యాలి. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ‘ఎత్తు’. అరచెయ్యి కిందికి ఊపితే ‘దించు’. పిడికిలి బిగిస్తే ‘ఆపు’. ఏళ్ళ తరబడి ఆ పని చేసేసరికి చెవులు పోయాయి. తన గొంతు తనకు వినపడదు కనక దానికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆయన గుసగుసలాడితే పక్కవీధిలో కుక్కలు లేస్తాయి. ‘ఈయన నాకు రహస్యంగా చెప్పిన మాటల్లో ఊళ్ళోవాళ్ళకి తెలియంది ఒక్కటుంటే చూపించు’ అంటుంది మా పిన్ని.

ఈ మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తూర్పు స్టాండ్‌లో ముందు వరసలో నిలబడుతున్నాడు. చుట్టూ ఫ్యాక్టరీ నేస్తాలు. వాళ్ళ చెవులూ అంతంతమాత్రమే. బాబాయి వేలెత్తి తిప్పితే స్టాండు స్టాండంతా గొంతు లేపుతుంది. అరచెయ్యి ఊపితే తగ్గుతుంది. పిడికిలి బిగిస్తే చీమ చిటుక్కుమంటే వినిపిస్తుంది. కరెంటు లేకుండా, బటన్ లేకుండా, బిస్కెట్ లేకుండా! కమిటీకి ఒళ్ళు మండదా మరి?

పోయిన మ్యాచ్‌లో ఇరవైమూడో నిమిషంలో మనవాళ్ళు గోల్ కొట్టారు. బాబాయి వేలెత్తాడు. తూర్పు స్టాండ్ దద్దరిల్లింది. కార్యక్రమంలో ఆ నిమిషానికి ఏమీ లేదు! కమిటీ ఆయన్ని విచారణకు పిలిపించింది.

“ఇరవైమూడో నిమిషంలో మీరు అరిచారా?” అని ఛైర్మన్‌గారు అడిగారు.

“ఆఁ?” అన్నాడు బాబాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. జడ్జిగారు ‘సైలెన్స్’ అని అటు తిరిగి పడుకున్నారు. ఇక లాభం లేదని ప్రశ్న కాగితం మీద రాసి చూపించాం.

“అరిచానండీ. గోల్ పడింది కదండీ.”

“కార్యక్రమం ప్రకారం ఆనందం ముప్పయ్యో నిమిషంలో ఉంది” అని రాశాం.

బాబాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “మరి ఆ ముక్క గోల్ కొట్టిన కుర్రాడికి చెప్పారాండీ?” అని నిజంగానే అడిగాడు. వెటకారం ఆయనకి చేతకాదు.

ఆ తర్వాత నా వైపు తిరిగాడు. “ఏరా అబ్బాయ్, నువ్వయినా చెప్పరా. వచ్చే మ్యాచ్ గెలిస్తే మనవాళ్ళు మొట్టమొదటిసారి పెద్ద పోటీలకి వెళ్తారు. నేను ఇన్నేళ్ళూ గొంతు చించుకుంది దానికోసమే కదరా. ఈ ఒక్కదానికి రానివ్వమను. ఆ తర్వాత మీ ఇష్టం.”

గదిలో అందరూ నన్నే చూశారు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకు తిప్పిన మనిషి. నేను నా కార్డు సర్దుకున్నాను. ‘రూల్సు అందరికీ ఒకటే బాబాయ్’ అని గుండ్రటి అక్షరాల్లో రాసిచ్చాను. నా దస్తూరీ బావుందని ఛైర్మన్‌గారు మెచ్చుకున్నారు.

బాబాయిని, ఆయనతోపాటు రెండొందల మంది ఫ్యాక్టరీవాళ్ళని ఆ మ్యాచ్‌కి రాకుండా నిషేధించాం. తూర్పు స్టాండ్‌లో మెత్తటి కుర్చీలు వేసి ‘విశ్రాంతి విభాగం’ అని బోర్డు పెట్టాం.

ఆ మధ్యాహ్నం మ్యాచ్ ఎంత అద్భుతంగా సాగిందో ఏం చెప్పమంటారు! జనం చెప్పినప్పుడు లేచారు, చెప్పినప్పుడు కూర్చున్నారు. స్పీకర్లు ఆశపడ్డాయి, నిట్టూర్చాయి. మన ఆటగాళ్ళు మాత్రం ఎందుకో, అద్దె ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళలా బిక్కుబిక్కుమంటూ ఆడారు. డెబ్భై అయిదు నిమిషాలైనా ఎవరికీ గోల్ లేదు.

అప్పుడు వినిపించింది. స్పీకర్లలోంచి కాదు. తూర్పు గోడ అవతలనుంచి! ఆపరేటర్ తొమ్మిదో బటన్ ఏమైనా నొక్కాడేమోనని లిఫ్టు సంగీతం ఆయన గదికి పరుగెత్తాడు. తొమ్మిదో బటనే లేదు. ఛైర్మన్‌గారు నన్ను పిలిచి, “వెళ్ళి ఆ గోల ఆపించండి. మీ బంధువే అయ్యుంటాడు” అన్నారు.

గోడకీ ఎదురు మేడకీ మధ్య సన్నటి సందు. అందులో రెండొందల మంది ముసలివాళ్ళు. వాళ్ళకి ముందు, గోడకి వీపు ఆనించి బాబాయి. ఆయన చూపు ఎదురు మేడ మూడో అంతస్తు కిటికీ మీద ఉంది. అది పళ్ళ డాక్టరు క్లినిక్. కిటికీలోంచి నడుందాకా బయటికి వంగి మా పిన్ని! ఏ పన్నూ నొప్పి లేకపోయినా సరిగ్గా మ్యాచ్ వేళకి అపాయింట్‌మెంట్ తీసుకుందట. అక్కణ్ణించి సగం గ్రౌండు, ఒక గోలు కనిపిస్తాయి. డాక్టరు కూడా కుర్చీలో ఒకాయన్ని నోరు తెరిపించి వదిలేసి ఆవిడ పక్కనే నిలబడ్డాడు.

ఆయనతో అన్నేళ్ళు కాపురం చేశాక పిన్నికి క్రేన్ సైగలు రావా? బంతి మనవాళ్ళకి చిక్కితే వేలు తిప్పుతోంది. అవతలివాళ్ళకి పోతే అరచెయ్యి ఊపుతోంది. అదే సైగ బాబాయి చేస్తున్నాడు. ఒక్కడు కూడా ఆట చూడటం లేదు. గోడకేసి అరుస్తున్నారు!

“బాబాయ్, దీనికి అనుమతి...” అన్నాను. ఆయనకి వినపడలేదు. నన్ను చూశాడు. మొహంలో కోపం ఇంతైనా లేదు. “వచ్చావా!” అని జబ్బ పట్టుకుని పక్కన నిలబెట్టుకున్నాడు. పైన పిన్ని వేలు గిర్రున తిరిగింది. బాబాయి వేలు లేచింది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలియదు. నరాలు తెగేలా అరిచాను. పాఠకులారా, కార్డు మెడలో ఉండగానే ఒప్పుకుంటున్నాను, ఆ పది నిమిషాలు ఉన్నంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

లోపల తెరమీద ‘బయటి శబ్దాన్ని దయచేసి పట్టించుకోకండి’ అని వేశారట. పట్టించుకోవాల్సినవాళ్ళు పట్టించుకున్నారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో మన కుర్రాడు గోల్ కొట్టాడు. కొట్టి, నక్షత్రాలు నొక్కుతున్న విశ్రాంతి విభాగం వంక కూడా చూడకుండా, తూర్పు గోడ వైపు పరుగెత్తి రెండు చేతులూ ఎత్తాడట. పిన్ని సైగలన్నీ మరిచిపోయి డాక్టరుగారి తువ్వాలు లాక్కుని గాల్లో తిప్పింది. సందులో ముసలివాళ్ళంతా ఒకళ్ళమీద ఒకళ్ళు పడి ఏడ్చారు. బాబాయి నా బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేశాడు.

మర్నాడు పొద్దున్నే కమిటీ సమావేశం. ఈ విజయం మన ఉత్సాహ కార్యక్రమం పుణ్యమేనని ఛైర్మన్‌గారు తేల్చారు. అట్టముక్కలతో చప్పట్లు కొట్టాం. తర్వాత అనధికార వాతావరణం మీద తీర్మానం వచ్చింది. తూర్పు గోడ ఎత్తు రెట్టింపు చెయ్యాలి. పళ్ళ డాక్టరు కిటికీకి మసక అద్దాలు బిగించాలి. మా బాబాయిని స్టేడియంలోకి జీవితాంతం రానివ్వకూడదు, ఆయన గొంతు స్టేడియంలోకి వినిపించేంత దూరంలో కూడా ఉండనివ్వకూడదు. ఆ ప్రకారం ఆయన ఊరు మారాల్సి ఉంటుంది.

“ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి” అన్నారు ఛైర్మన్‌గారు.

నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు! ముందురోజు గోడకేసి అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది. ఛైర్మన్‌గారు నేను ఆవలిస్తున్నాననుకున్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయనకి చెవులు లేవు, నాకు గొంతు లేదు. జరిగిందంతా కాగితం మీద రాసి ఇచ్చాను. పిన్ని ఆయన భుజం మీదుగా చదివి లోపలికి వెళ్ళిపోయింది. నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. బాబాయి చివరిదాకా చదివి, “మరి నువ్వేం చేశావురా?” అన్నాడు.

‘వద్దందామనుకున్నాను. గొంతు పెగల్లేదు’ అని రాశాను.

“గొంతు పోయింది, సరే. చెయ్యికేమైందిరా?”

మెల్లిగానే అడిగాననుకుని ఉంటాడు. వీధి చివరిదాకా వినిపించింది. ఎదురింటావిడ తలుపు తీసి నా వంక చూసింది. ఇరవయ్యేళ్ళుగా రాతతో బతుకుతున్నవాణ్ణి. కాగితం మీద ఇంకా బోలెడు చోటుంది, పెన్ను చేతిలోనే ఉంది. ఒక్క ముక్క రాయలేకపోయాను.