బానిత్సాలో ఎనిమిది చీటీలు

లేదా, చీటీలన్నిటిలోనూ ఒకే మాట రాస్తేనో?

ఆ ఆలోచన రాగానే మనోల్ చెయ్యి ఆగింది. చేతికింద తిరుగుతున్న పళ్లెం మాత్రం ఆగలేదు. బల్ల దాటి నేలమీద పడి, దొర్లుకుంటూ పోయి గోడకు కొట్టుకుంది. కింది వాటా ఆవిడ చీపురుకర్రతో తన ఇంటి కప్పును మూడుసార్లు పొడిచింది. పాపం, ఆవిడ ఓర్పుగల మనిషి. అతను పళ్లెం తిప్పడం అది నలభై మూడోసారి.

మనోల్ సర్వేయరు. కొండవాలు ఎన్ని డిగ్రీలుందో కంటితో చూసి చెప్పగలడు. కానీ ఎనిమిది ముక్కలున్న పళ్లేన్ని తిప్పి వదిలితే ఏ ముక్క ఎవరి ముందు ఆగుతుందో మూడు రోజులుగా అంతుపట్టలేదు. కొండకు నిలకడ ఉంటుంది. పళ్లేనికి ఎక్కడిది?

అతనికి కావలసింది చిన్నదే. జనవరి మొదటి వారంలో నాలుగు రోజులు పదేళ్ల కూతురు బిల్యానాను స్మోలియన్ పైన కొండ ఊళ్లో ఉన్న తన తండ్రి ఇంటికి తీసుకెళ్లాలి. కోర్టు కాగితం ప్రకారం ఈ ఏడు క్రిస్మస్ అతనిది, కొత్త సంవత్సరం సెలవులు మాజీ భార్య నెవెనావి. కాబట్టి నెవెనాను అడగాలి. చిక్కంతా అక్కడే ఉంది. అడగడం అతనికి చేతకాదు.

కాపురం చేసిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా "కిటికీ వెయ్యి" అనలేదు. "ఈ గదిలో గాలి బాగా ఆడుతుంది కదూ" అనేవాడు. ఆమె "అవును, హాయిగా ఉంది" అని రెండో రెక్క కూడా తెరిచేది. ఎందుకిలా తయారయ్యానా అని అతనికే వింతగా ఉండేది. అడగకపోతే కాదనేవాళ్లుండరు, నిజమే. అవుననేవాళ్లూ ఉండరు. ఈ రెండో సగం విడాకులయ్యాక గానీ తట్టలేదు.

తట్టినా మారలేదు. పది రోజుల కిందట ఫోన్లో "కొండమీద ఈసారి మంచు బాగా పడిందట" అన్నాడు.

"అయితే చలికాలం టైర్లు వేయించుకో" అంది నెవెనా.

అందుకే చీటీ. కొత్త సంవత్సరానికి చేసే జున్ను పొరల రొట్టె బానిత్సాలో జోస్యంగా వచ్చిన చీటీని కాదనే ధైర్యం నెవెనా వాళ్లింట్లో ఎవరికీ లేదు. నిరుడు నెవెనా తల్లి స్తాంకాకు "ప్రయాణం" అని వచ్చింది. ఫిబ్రవరిలో ఆవిడ కాలు విరిగి అంబులెన్సులో ప్రయాణం చేసింది. చీటీ అబద్ధమాడదని అప్పటినుంచి ప్లోవ్‌దివ్‌లో సగం మందికి చెప్పింది. మిగతా సగం మందికి ఇంకా చెబుతూనే ఉంది.

వెండి కాగితంలో చుట్టి ముక్కకొకటి పెట్టే ఆ చీటీలు పెట్టేది మనోలే. విడాకులై రెండేళ్లయినా బానిత్సాకు పిండి రేకులు అతనే సాగదీయాలని స్తాంకా పట్టు. "విడాకులు నా కూతురిచ్చింది, నేనివ్వలేదు" అంటుందావిడ.

డిసెంబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం మనోల్ ఆ వంటింట్లో మోచేతుల దాకా పిండితో నిలబడ్డాడు. రేకు బల్లంతా పరుచుకుంది. దానిలోంచి బల్లగుడ్డ మీది పువ్వులు కనిపిస్తున్నాయి.

"నీ చేతులకున్న ఓపిక నీ నోటికుంటే నా కూతురు నిన్ను వదిలేదా అల్లుడూ?" అంది స్తాంకా జున్ను చిదుపుతూ.

"వంటింట్లో వేడి ఎక్కువగా ఉంది కదండీ అత్తయ్యగారూ" అన్నాడు మనోల్.

"మంచినీళ్లు కావాలా?"

"అబ్బే, అలాగని కాదు."

"కావాలంటే కావాలనవయ్యా!" అంటూ గ్లాసు చేతికిచ్చి ఆవిడ బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. బానిత్సా కాలాక మనోల్ దాన్ని కోసి, ఎనిమిది చీటీలూ ఎనిమిది ముక్కల్లో దూర్చాడు. అన్నిట్లోనూ ఒకటే మాట: "ఈ ఏడాది నువ్వు మీ నాన్న దగ్గరికి వెళ్తావు." పళ్లెం ఎటు తిరిగినా, ఎక్కడ ఆగినా బిల్యానాకు ఆ చీటీయే వస్తుంది. ఇంత తేలికైన లెక్కకు నలభై మూడుసార్లు పళ్లెం తిప్పానే అని తనమీద తనకే జాలేసింది.

చీకటి పడుతుండగా అయిదుగురూ బల్ల చుట్టూ చేరారు. అయిదోవాడు ఎవ్లోగీ. పళ్ల డాక్టరు, నెవెనాకు ఏడాదిగా స్నేహితుడు. మనోల్ మనసులో అతనికి పటకారు అని పేరు పెట్టుకున్నాడు. ఎవరు నవ్వినా ముందు వాళ్ల దవడలు చూస్తాడు.

స్తాంకా పళ్లేన్ని తిప్పింది. అది ఆగగానే ఎవరి ముందున్న ముక్క వాళ్లు తీసుకున్నారు. ఒక ముక్క ఇంటికోసం పక్కన పెట్టారు. పెద్దవాళ్లు ముందు విప్పాలి కాబట్టి స్తాంకా కళ్లజోడు పెట్టుకుంది.

మనోల్‌కు అప్పుడు గుర్తొచ్చింది, చీటీలు అందరూ పైకి చదువుతారని. చిన్నప్పటినుంచీ బానిత్సా తింటున్నవాడికి ఆ సంగతి తెలియక కాదు. చీటీ రాసేటప్పుడు నాన్న అంటే ప్రపంచంలో తానొక్కడే ఉన్నాడనుకున్నాడు.

"ఈ ఏడాది నువ్వు మీ నాన్న దగ్గరికి వెళ్తావు" అని చదివి స్తాంకా కళ్లజోడు తీసేసింది. "మా నాన్న పోయి యాభై ఏళ్లు."



"సరే. పిలుపొచ్చింది" అని ఆవిడ శిలువ గుర్తు వేసుకుని, లేచి వెళ్లి సోఫా మీద వెల్లకిలా పడుకుంది. "నా నల్లకోటు ఉతికించండి. గోధుమ ప్రసాదంలో చక్కెర తగ్గించకండి. ఎదురింటి దీమ్కా అంత్యక్రియలకు చప్పగా చేసి పరువు తీశారు."

"మీకేం కాదమ్మా, మీ పళ్లే చెబుతున్నాయి" అంటూ ఎవ్లోగీ ఆవిడకు ధైర్యం చెప్పి తన చీటీ విప్పాడు. విప్పి, తెల్లబోయాడు. "నాక్కూడా అదే వచ్చింది."

"మీ నాన్నా పోయాడా బాబూ?" అంది స్తాంకా పడుకునే.

"లేదండీ. విదిన్‌లో ఉన్నాడు. ఆయన పడవ అమ్మేశానని ఆరేళ్లుగా మాటల్లేవు." ఎవ్లోగీ మీసం దువ్వుకున్నాడు. "చీటీ అబద్ధమాడదన్నారుగా?" అని ఫోను తీసుకుని, మంచులోనే బాల్కనీలోకి వెళ్లాడు. అద్దం వెనకనుంచి "నేనే నాన్నా... ఎవ్లోగీనే... ఏ ఎవ్లోగీ ఏమిటి!" అన్న అరుపు వినిపించింది.

నెవెనా ఇద్దరినీ చూసి, తన చీటీ నెమ్మదిగా విప్పి చదివింది. అదే మాట.

స్తాంకా సోఫా మీదనుంచి దిగ్గున లేచింది. "ఎవడి దగ్గరికి? ఆ బుర్గాస్‌ మందులకొట్టు దాన్ని తగులుకుని పోయినవాడి దగ్గరికా? నేను బతికుండగానే?"

"ఇప్పుడేగా అమ్మా పోతున్నానన్నావు."

"పోవడం మానుకున్నాను!"

నెవెనా నవ్వింది గానీ చూపు చీటీ మీదే ఉంది. "చిన్నప్పుడు ప్రతి సెలవులకీ నన్ను బుర్గాస్‌కు రైలెక్కించేవారు. వెళ్తావా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు" అంది ఎవరితోనూ కాకుండా. తరవాత చెయ్యి చాచి ఇంటి ముక్క చీల్చి, అందులోని చీటీ కూడా విప్పింది.

"మన ఇల్లు కూడా వాళ్ల నాన్న దగ్గరికే వెళ్తుందట మనోల్. కాస్త చెప్పు, ఇంటికి నాన్న ఎవరు? మేస్త్రీయా, మునిసిపాలిటీయా?"

మనోల్ చెవులు ఎర్రబడ్డాయి. "పిండి రేకులు ఈసారి బాగా సాగాయి కదూ" అన్నాడు.

"మాటల్ని కూడా అలాగే సాగదీస్తావు. ఊఁ, నీది చదువు."

అతను తన చీటీ విప్పాడు. రాసింది తనే అయినా, ఆ మాట తనకు కూడా తగులుతుందని అనుకోలేదు. ప్రతి ఆదివారం కొండమీదనుంచి తండ్రి ఫోన్ చేస్తాడు. "మంచు పడింది" అంటాడు. "ఓహో" అంటాడు మనోల్. "మేకకు కులాసాయే" అంటాడు తండ్రి, పెట్టేస్తాడు. ముసలాయనకు మంచుమీద ఇంత పిచ్చేమిటని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ మంచు మాటకు అర్థం వచ్చిపొమ్మని. తనకు ఈ చేతకానితనం ఎక్కడినుంచి వచ్చిందో ఇన్నాళ్లకు తెలిసింది.

"ఈ ఏడాది నువ్వు..." అని చదివి గొంతు సవరించుకున్నాడు.

"తెలుసు తెలుసు" అంది స్తాంకా, తిరిగొచ్చి తన ముక్క తింటూ. చావు తప్పాక ఆవిడకు ఆకలి పెరిగింది.

ఇక మిగిలింది బిల్యానా. ఇంతసేపూ అందరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. వెండి కాగితం విప్పి, చీటీని ముక్కుదాకా తెచ్చుకుని, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది:

"ఈ ఏడాది మీ నాన్న నిన్ను సూటిగా ఒక మాట అడుగుతాడు."

మనోల్ ఉలిక్కిపడ్డాడు. అలాంటిది తను రాయలేదు. ఎవరు మార్చారు? నెవెనా వైపు చూశాడు. ఆమె కూడా అలాగే ఆశ్చర్యంగా చూస్తోంది. బల్లమీదుగా వంగి కూతురి చేతిలోని చీటీ చూశాడు. తన చేతిరాతే, అందరికీ వచ్చిన మాటే. ఒక్క అక్షరం మారలేదు.

బిల్యానా చీటీని మడిచి గుప్పిట్లో దాచేసింది. "అమ్మమ్మ చెప్పిందిగా, చీటీ అబద్ధమాడదు" అంది. ఆ ముఖంలో నవ్వు లేదు. కళ్లార్పకుండా తండ్రినే చూస్తోంది.

నెవెనా కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది. "అడుగు, వింటాం. అది సరేనంటే నాకూ సరే."

బాల్కనీ తలుపు తీసుకుని ఎవ్లోగీ వచ్చాడు, మీసంమీద మంచుతో. "రమ్మన్నాడండీ!" అనబోయి, అందరూ మనోల్‌నే చూస్తుండటం గమనించి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బిల్యానా" అన్నాడు మనోల్. "కొండమీద ఈసారి మంచు..."

"నాన్నా!"

మనోల్ చేతులు బల్లమీద పెట్టాడు. గోళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది. కాదంటే ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం కుతూహలంగా కూడా అనిపించింది. అది ఎన్నడూ చూడలేదు కదా.

"నాలుగు రోజులు నాతో తాతయ్య దగ్గరికి వస్తావా?" అని అడిగాడు.