అద్దం మీది బేకరీ

అయ్యలారా, అమ్మలారా! ఊరి నడిబొడ్డున కొట్లు మూతపడుతున్నాయని గుండెలు బాదుకోకండి. మూతపడ్డ కొట్టును మించిన కొట్టు లోకంలో లేదు! తెరిచిన కొట్టువాడు "అయిపోయింది, రేపు రండి" అంటాడు. మూసిన కొట్టు ఎవరినైనా అంత మాట అందా?

మా హాదర్‌బెక్ ఊరి పెద్ద బజారు, హై స్ట్రీట్‌లో బ్యాంకు పోయింది. పోస్టాఫీసు పోయింది. మాంసం కొట్టు, చేపల కొట్టు, బేకరీ వరసగా పోయాయి. జనం కారెక్కి ఊరి బయటి సూపర్‌మార్కెట్‌కు పోయారు. మిగిలినవి మూడే: పావురాలు, వాన, మేవిస్ ఓల్డ్‌రాయిడ్.

డెబ్భై రెండేళ్ల మేవిస్‌ది తాతల నాటి ఇనప సామాన్ల కొట్టు. ఒక్క స్క్రూ అడిగితే ఒక్కటే ఇస్తుంది. అదీ ఊరికే ఇవ్వదు. ఏ తలుపుకు, ఏ బందుకు అని ఆరా తీసి, "అది కాదు నాయనా, నీక్కావల్సింది ఇది" అని ఇంకోటి చేతిలో పెడుతుంది. ఇలా అయితే ఊరు బాగుపడుతుందా?

బాగుచేయడానికి ఊరి కౌన్సిల్ వారు క్రిస్పిన్ వేల్ అనే సలహాదారును పిలిపించారు. సాక్సుల్లేని బూట్లతో వీధి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, ఆయన తేల్చేశాడు: "ఈ వీధికి కావలసింది కొట్లు కాదు, కొట్ల అనుభూతి!"

నెల తిరిగేసరికి మూసిన కొట్ల అద్దాలన్నిటికీ నిలువెత్తు బొమ్మలు అంటించారు. బేకరీ మీద పొగలు కక్కే రొట్టెలు, వాటి వెనక నవ్వే అమ్మాయి. మాంసం కొట్టు మీద సాసేజీల తోరణాలు. ఆహా! ఈ రొట్టె పాచిపోదు. ఈ చేప కంపు కొట్టదు. చిల్లర లేదని ఎవరూ విసుక్కోరు!

జనం వచ్చారండీ! బస్సులేసుకుని వచ్చారు! ఒక కొత్త జంట సాసేజీల కింద ముద్దుపెట్టుకుని ఫొటో దిగింది. మేవిస్ పొరుగింటి ముసలి క్లెమ్ కళ్లద్దాలు మరిచిపోయి వచ్చి, బేకరీ ముందు పావుగంట నిలబడి, "పిలిస్తే పలకదేం ఈ పిల్ల!" అని కసిరాడు కూడా.

ఇంత అందం మధ్య ఒకటే మచ్చ. బకెట్లు, చీపుళ్లు, ఎలుకబోన్లు గుమ్మం ముందు పరుచుకున్న మేవిస్ కొట్టు.

"మీ అద్దానికీ ఒక బొమ్మ వేయిద్దామండీ," అన్నాడు క్రిస్పిన్. "చక్కటి ఇనప కొట్టు బొమ్మ."

"నాది ఇనప కొట్టే కదయ్యా!"

"నిజమేననుకోండి. చూడ్డానికి అలా లేదు."

వచ్చిన జనంలో పదోవంతు లోపలికొచ్చినా చాలనుకుని మేవిస్ సరేనంది. అద్దం మీద రాగి కెటిల్, ఇత్తడి లాంతర్లు వెలిశాయి, వాటి మధ్య కొట్టు యజమానిలా ఒక మీసాలాయన. మేవిస్‌కు కూడా కొట్టు నచ్చింది. పాపం, అందులో ఏమైనా కొనాలనిపించింది.

ఆ తర్వాత ఒక్కరు గడప తొక్కితే ఒట్టు! తలుపూ బొమ్మేననుకున్నారు. నాలుగో రోజు క్లెమ్ ఎదురుపడి అదిరిపడ్డాడు.

"ఓసి నీ దుంపతెగ! కొట్టు మీద బొమ్మ చూసి నువ్వు పోయావనుకున్నా మేవిస్!"

"నీకు చెప్పకుండా పోతానా?" అని నవ్వింది. లోపలికెళ్లి మాత్రం, తాత నిలబడి అమ్మిన బల్లను గుడ్డతో తుడిచిందే తుడిచింది.

శనివారం పొద్దున కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసుకుని కూర్చుంది. కెమెరాలు ఎగబడ్డాయి. "ఎంత సహజంగా చేశారో!" అంటూ ఒకావిడ ఆమె చెంప తడిమింది.

"ముట్టుకుంటే కొనాలమ్మా!" అంది మేవిస్.

ఆవిడ పెట్టిన కేకకు పావురాలన్నీ లేచిపోయాయి! చేపల కొట్టు దాకా పరిగెత్తి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి వచ్చింది. "అయితే ఇది నిజం కొట్టా? లోపల ఏమున్నాయి?"

ఆ ప్రశ్న విని ఎన్నాళ్లయిందో! మేవిస్ చివాలున లేచి లోపలికెళ్లి, పెయింటు గీకే రేకు తెచ్చి, మీసాలాయన ముక్కు దగ్గర మొదలుపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. "మాకూ ఒకటివ్వండి!" అన్నారు. అరగంటలో రేకులన్నీ అమ్ముడయ్యాయి. క్లెమ్ తనను పలకరించని బేకరీ మీద పడ్డాడు. బొమ్మ రొట్టెల వెనక ఖాళీ గది, నిక్షేపంలాంటి పొయ్యి బయటపడ్డాయి.

క్రిస్పిన్ పరుగున వచ్చాడు, వెనకే కౌన్సిల్ అధ్యక్షురాలు. "ఆపండి! బేకరీని నాశనం చేస్తున్నారు!" అని అరిచాడు క్రిస్పిన్.

"ఏ బేకరీ అండీ?" గుంపులోంచి రుఖ్సానా ముందుకొచ్చింది. ఇంట్లో రొట్టెలు కాల్చి ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. "ఈ గది అద్దెకిమ్మని కౌన్సిల్‌కు రెండుసార్లు అర్జీ పెట్టుకున్నా."

"పెట్టుకున్నారు. అక్కడ ఇప్పటికే బేకరీ ఉందని జవాబు కూడా ఇచ్చాం కదండీ!" అన్నాడు క్రిస్పిన్.

ముందు మేవిస్ నవ్వింది. తర్వాత వీధంతా నవ్వింది. కందగడ్డలా ఎర్రబడ్డ అధ్యక్షురాలు, సోమవారం నాడు తాళంచెవి స్వయంగా తెచ్చి రుఖ్సానాకు ఇచ్చింది.

పాఠకులారా, దీని ఫలితం ఎంత ఘోరమో చూడండి! క్రిస్పిన్ నివేదిక నిన్ననే వచ్చింది. దీపస్తంభానికి బిగించిన యంత్రమొకటి వీధిలో తిరిగే జనాన్ని లెక్కిస్తుందట. ఆ లెక్క సగానికి పడిపోయిందట! బయట నిలబడి చూడవలసిన జనం తలుపులు తోసుకుని లోపలికి పోతున్నారట!

నేరం నాదీ ఉంది. మొన్న రొట్టె కోసం వెళ్లి రుఖ్సానాతో వాన గురించి మాట్లాడాను. అక్కణ్ణుంచి మేవిస్ దగ్గరకు పోతే, మా ఇంటి కుళాయి కష్టాలన్నీ విని ఒక వాషరు చేతిలో పెట్టింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను ఏ లెక్కలోకీ రాలేదు!