నిండు ట్యాంకుకు ఒక సీసా

ఆఫీసులో ఓబులేసు మాట ఇరవై మంది వింటారు. ఇంట్లో వినేది పన్నెండేళ్ల కారొక్కటే. ఈమధ్య అదీ మానేసింది. ఎత్తు ఎక్కాలంటే దగ్గు, సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు.

కొత్తగూడ మెకానిక్ మొగిలి బానెట్ ఎత్తి చూశాడు. "ఇంజన్ల మసి పట్టింది సార్. రెండు దినాలు ఇడిసిపెట్టుండ్రి, ఇప్పి సాఫ్ జేస్త" అన్నాడు.

ఇంటికొచ్చాక ఓబులేసు భార్యతో, "విప్పడమెందుకు? పెట్రోల్లో పోస్తే మసి కరిగించే మందులొచ్చినాయి. ఆరు వీడియోలు చూసినా" అన్నాడు.

"పోయిన నెల ఆరు వీడియోలు చూసే దోసెలు పోసినారు. ఆ పెనం ఇంకా నానుతానే ఉంది" అంది భార్గవి. "ఎల్లుండి అమ్మకు కంటి ఆపరేషన్. అది అయ్యేదాకా కారు జోలికి పోవద్దండి."

ఓబులేసు తలూపాడు. ఒప్పుకున్నది మెడ ఒక్కటే.

మర్నాడు సాయంత్రం నాలుగు సీసాల మందు కొన్నాడు. నిండు ట్యాంకుకు ఒక సీసా అని దానిమీదే రాసుంది. ట్యాంకులో పెట్రోలు పావు వంతే ఉంది. అయితేనేం, మసి పన్నెండేళ్లది కదా అని మూడు సీసాలు పోశాడు. ఖాళీ సీసాలను వంటింటి చెత్తబుట్టలో ఉల్లిపొట్టు కింద దాచేశాడు.

పొద్దున కారు పిలవగానే పలికింది. వెనక సీట్లో భార్గవి, ఆమె తల్లి జయమ్మ. ఓబులేసు హుషారుగా ఈల వేశాడు. ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఆయన ఈల ఆపాడు, కారు అందుకుంది. తర్వాత దగ్గు. ఆ తర్వాత పొగ.

జయమ్మ కిటికీలోంచి చూసి హడలిపోయింది. "అల్లుడూ, ఆపరేషన్ కాకముందే నా చూపు పోయినట్టుంది నాయనా. అంతా తెల్లగా కనిపిస్తాంది!"

"మంచు అత్తా, మంచు."

"మే నెలలోనా?" అంది భార్గవి.

కారు ఆఖరిసారి దగ్గి ఆగిపోయింది. ఓబులేసు గడియారం చూశాడు. తొమ్మిదిన్నరకు ఆసుపత్రిలో లేకపోతే మళ్లీ మూడు వారాల దాకా ఆపరేషన్ లేదు. జయమ్మ నెలరోజులు భయపడి భయపడి నిన్ననే ధైర్యం తెచ్చుకుంది.

"భార్గవీ, నేను..."

"ముందు దిగండి."

పొగలోంచి ఒక ఆటో వచ్చి ఆగింది. నడుపుతున్నది మొగిలి భార్య రేణుక. వెనక మొగిలి, చేతిలో లాగే తాడుతో.

"ఇంత తొందరగా ఎట్ల వచ్చినారు?" అన్నాడు ఓబులేసు.

"వచ్చుడేంది సార్? మీ గేటు కాడికెల్లి మీ ఎన్కనే ఉన్నం. అక్క పొద్దుగాల్నే ఫోన్ జేసింది" అంది రేణుక.

ఓబులేసు మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"చెత్తబుట్ట ఎక్కడుందో తెలీని మనిషి ఉల్లిపొట్టు సర్దితే నాకు అనుమానం రాదా?"

"మరి ముందే ఆటోలో పోదామనొచ్చు గదా?"

"అంటే, 'నా కారుకేమైంది' అని గంట వాదిస్తారు. వాదన కంటే వెనక ఆటో నయం" అని భార్గవి ఆయన ఉబ్బిన జేబు వైపు చెయ్యి చాచింది. "ఇటివ్వండి."

ఓబులేసు జేబులోంచి నాలుగో సీసా తీసి ఇచ్చాడు.

మొగిలి దాన్ని తిప్పి చూశాడు. "మందు మంచిదే సార్, కొలత తప్పింది. మసంతా ఒక్కపారి ఊడొస్తే ప్లగ్గులు ఏం గావాలె? ఈ పెట్రోల్ తీసేసి ప్లగ్గులు మారుస్త. ఫికర్ జెయ్యకుండ్రి, మీరు దవాఖానకు పోండ్రి."

ఆటో సందుల్లోంచి దూసుకుపోయింది. జయమ్మ పక్కన కూర్చుని ఓబులేసు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదీ ఇరవైకి నలుగురూ ఆసుపత్రి మెట్లెక్కారు.

"పేషెంట్‌ను ఎవరు తీసుకొచ్చారు?" అని అడిగింది నర్సు.

"మా అల్లుడు" అంది జయమ్మ. "దావ పొడుగునా నా చెయ్యి ఇడవలేదు తల్లీ."

నిజానికి వణికింది ఆయన చెయ్యే. పట్టుకుని ఊరడించింది ఆవిడ. ఆ సంగతి భార్గవికీ తెలుసు, రేణుకకూ తెలుసు. ఇద్దరూ జయమ్మ మాటకే తలూపారు. కృతజ్ఞత ఎలా చెప్పాలో తోచక ఓబులేసు "అందరికీ టీ తెస్తా" అంటూ కదిలాడు.

"ఆపరేషన్ ముందు అమ్మ ఏమీ తాగకూడదు" అంది భార్గవి, నవ్వు ఆపుకుంటూ. "రేణుకకూ, మనిద్దరికీ తెండి."

'మనిద్దరికీ' అన్న ఆ మాట విన్నాకే ఓబులేసు ప్రాణం కుదుటపడింది.