అందరికీ ఒకటో నంబరు

ఒక యాప్‌కి రెండు బిల్డ్‌లు ఉండటం మానవజాతికి దక్కిన వరం! నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటిదాన్ని నేనే కాబట్టి బాధ్యతగా చెబుతున్నాను.

మా ఆఫీసులో ఆసుపత్రి టోకెన్లిచ్చే యాప్ తయారుచేస్తాం. బిల్డ్ అంటే దాని ఒక ప్రతి అనుకోండి. డెవలప్‌మెంట్ బిల్డ్ మేం లోపల పరీక్షించుకోవడానికి. ప్రొడక్షన్ బిల్డ్ మీరు వాడుకోవడానికి. రెండింటికీ ఒకటే పేరు, ఒకటే బొమ్మ. "ఒకదానికి రంగు మారుద్దామా సార్?" అని అడిగితే మా మేనేజర్ "టైమ్ లేదమ్మా" అన్నారు.

డెవలప్‌మెంట్ బిల్డ్‌లో అన్నీ పరీక్ష కోసం మేం పెట్టుకున్న ఉత్తుత్తి లెక్కలే, అయినా ఎంత చల్లని లోకమో! డాక్టరుగారు ఎప్పుడూ సీట్లోనే ఉంటారు. ఎప్పుడు నొక్కినా టోకెన్ నంబరు ఒకటి. ఆగాల్సింది సున్నా నిమిషాలు. ప్రొడక్షన్‌లోనో? నలభై ఏడో నంబరు, మూడు గంటలు! ఇంత నిజం ఎవరికి కావాలండీ?

పోయిన శుక్రవారం కొత్త వెర్షన్ జనంలోకి పంపాలి. మేనేజర్ నా కుర్చీ వెనకే నిలబడి "అయిందా? అయిందా?" అంటున్నారు. అయిందనిపించాను.

సోమవారం అమ్మ మోకాలు చూపించడానికి ఆసుపత్రికి వెళ్లాం. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మోకాలది. పొద్దున్నే యాప్ అప్‌డేట్ చేసుకుని తనే టోకెన్ తీసుకుంది. కౌంటర్లో ఫోన్ చూపించి, "మాది ఒకటో నంబరమ్మా!" అంది గర్వంగా.

రిసెప్షనిస్టు తలెత్తలేదు. "ఈ హాల్లో అందరిదీ అదే నంబరండీ. డాక్టరుగారింకా రాలేదు. కూర్చోండి."

చూశారా సమానత్వం! డెబ్భై మంది, అందరూ మొదటివాళ్లే! ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తి మరీ "నేనే ఒకటి!" అంటున్నారు. శుక్రవారం నేను పంపింది ఏ బిల్డో అప్పుడర్థమైంది.

అమ్మ చెవిలో తప్పు ఒప్పుకున్నాను.

"అంటే కచ్చా కుట్టు మీదే చొక్కా ఇచ్చేశావన్నమాట" అంది.

"మేనేజర్ తొందరపెట్టారమ్మా."

"నన్ను తొందరపెట్టనిదెవరే? పెళ్లి గుమ్మంలో నిలబడి అడిగినవాళ్లున్నారు. తొడిగి చూడందే ఒక్క చొక్కా గడప దాటనివ్వలేదు."

కాబట్టి పాఠకులారా, రెండు బిల్డ్‌లు వరమే, నా మాట మీదే నేనున్నాను. పంపేముందు ఒక్కసారి తొడిగి చూడటానికే మా ఆఫీసులో ఎవరికీ టైమ్ లేదు.

అమ్మకి మాత్రం బోలెడు టైమ్ దొరికింది. నాలుగు గంటలపాటు, మోకాలు పట్టుకుని, ఒకటో నంబరుతో.