అప్పలస్వామి కుక్కపిల్ల భోజనం

ఏ ప్రాణికి ఏం పెట్టాలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పడవ సరంగు అప్పలస్వామికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఇంతకుముందు ఒక చిలకా, పోయినేడు ఒక కుక్కపిల్లా పరలోకం చేరాయి. రెండింటికీ దిష్టి తగిలిందని అతను తేల్చేశాడు.

గోదారి మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. అక్కడ సున్నం దించి ఇంటికొస్తూ ఇంకో కుక్కపిల్లని తెచ్చాడు. ఇచ్చినవాడు ఆనకట్ట కట్టించే దొరగారి వంటవాడు సాలమోను. ఇప్పుడే తల్లిపాలు మానింది, పలచగా, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టమని మరీ మరీ చెప్పాడు. అప్పలస్వామి తలూపి వచ్చేశాడు. దొరల కుక్కలకి పనేముంది, నాలుగుసార్లు తింటాయి. పడవ కుక్క పడవవాడిలాగే తినాలి. ఏటి పోటు చూసుకుని బయల్దేరేముందు కడుపునిండా ఒకసారి, మళ్లీ లంగరేశాకే.

మొదటిరోజే తవ్వెడు గేదెపాలు, అందులో చద్దన్నం, పైన కొరమేను ముక్క పెట్టాడు. పిల్ల ఆబగా మింగేసి, మద్దెలలా ఉబ్బిన పొట్టతో పక్కకి ఒరిగి మూలగసాగింది. పెళ్లాం రత్నం దాన్ని ఒళ్లో పెట్టుకుని సాయంత్రందాకా కదల్లేదు. పోయినేటి పిల్లని తన చేతులతో పాతిపెట్టిన మనిషి. ఆ బాధ ఇంకా తీరలేదు.

"ఇదీ పోయిందంటే నేను పుట్టింటికి పోతాను మావా" అంది.

"అలవాటు పడుతుందే. నేను పడలేదూ?"

"నీ పొట్ట చూశాకే నాకీ భయం."

మర్నాటి నుంచి ఓ వింత మొదలైంది. అప్పలస్వామి గిన్నెలో పెట్టి, రేవుకి వెళ్లి పడవ గెడలు సర్దుకుని వచ్చేసరికి గిన్నె ఖాళీ. పొట్ట మాత్రం ఉబ్బలేదు. పిల్ల చెంగుచెంగున గెంతుతోంది. పిడికెడు ప్రాణిలో తవ్వెడు పాలు ఎక్కడికి పోతున్నాయి? నూలుతాడుతో పొట్ట కొలిచాడు. చెవి ఆనించి విన్నాడు. వారం తిరిగేసరికి తన పద్ధతి గొప్పదని రేవంతా చాటాడు గానీ, లోపల అనుమానం తొలుస్తూనే ఉంది.

ఎనిమిదోరోజు పాలు పోసి, పక్కన చేపముక్క పెట్టి, రేవుకి పోతున్నానని చెప్పి, దడి వెనక నక్కాడు. రత్నం వచ్చి పాలన్నీ కుండలోకి వంపింది. చేపముక్క తీసి మూకుడు కింద పెట్టింది. కొబ్బరిచిప్పలో పలచటి గంజి పోసి, ముళ్లు తీసి మెదిపిన చేప చిటికెడు కలిపి పిల్ల ముందుంచింది. అది అడుగుదాకా నాకేసింది. ఇంక మధ్యాన్నమేనని దానికి నెమ్మదిగా నచ్చజెప్పింది.

దొంగ దొరికిందనుకుంటూ అప్పలస్వామి దడి దాటొచ్చాడు.

"నా కుక్క పాలేం చేస్తున్నావే?"

"తోడేస్తున్నాను. పెరుగు కమ్మగా ఉందని వారంరోజులుగా నువ్వు మూడేసిసార్లు వేయించుకుంటున్నది అదే. పులుసులో ముక్క కూడా దానిదే."

అప్పలస్వామి తన పొట్ట వంక చూసుకున్నాడు. సాలమోను చెప్పిన సంగతి నీకెవరు చెప్పారని నీరసంగా అడిగాడు.

"నాకొకరు చెప్పాలా? నలుగురు పిల్లల్ని పెంచాను మావా. వాళ్లకి పోటు చూసి పెట్టానా?"

 మధ్యాన్నం తినిపించే వంతు తనకిమ్మని అప్పలస్వామి బతిమాలుకున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చాక రత్నం చిప్ప చేతికిచ్చింది. అతను నిండా గంజి పోశాడు. ఆమె చూసింది. సగం వెనక్కి తీశాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఇంకాస్త తీశాడు.

"ఇప్పుడు పెట్టు. మళ్లీ పొద్దువాలాకే" అంది.

దొరల ముందూ పడవ ఆసామి ముందూ తప్ప ఎన్నడూ అనని మాట అతని నోటివెంట దానంతటదే వచ్చేసింది.

"ఆయ్" అన్నాడు.