చలికాలంపై విచారణ

డిసెంబరు రెండో సోమవారం ఉదయం పదకొండు గంటలకు, చలికాలం కనబడడం లేదని నగరపాలక కార్యాలయంలో ఫిర్యాదు దాఖలైంది. ఫిర్యాదు చేసినవాడు ఆ కార్యాలయం వెనక సందులో స్వెటర్లు అమ్మే మనిషి. ఊళ్ళో అందరూ ఊలు బాబాయి అంటారు. ఆఖరిసారి ఎప్పుడు చూశారని గుమాస్తా అడిగాడు. తన పెళ్ళయిన ఏడు గట్టిగా వచ్చిందనీ, తర్వాత ఏటా కాస్త ఆలస్యంగా వచ్చి కాస్త ముందుగా వెళ్ళిపోతోందనీ, ఈసారి మొహమే చూపించలేదనీ బాబాయి చెప్పాడు. పోయిన వస్తువుల విభాగం పై అంతస్తులో ఉందని గుమాస్తా దారి చూపించాడు.

బాబాయికి విచారణల మీద మోజేమీ లేదు. ఇంట్లో గడువు పెట్టారు. నిరుటి సరుకు అట్టపెట్టెల్లో అలాగే ఉంది. ఈ చలికాలం కూడా అది కదలకపోతే కొట్టు తన తమ్ముడికి ఇచ్చెయ్యాలని భార్య తేల్చి చెప్పింది. ఆ తమ్ముడు ఏసీలు బిగిస్తాడు.

"ఇన్నాళ్ళూ వెచ్చదనం అమ్మావు బావా. ఇక చలి అమ్ముకోవాలి" అన్నాడు బావమరిది, కొట్టు ముందు గోడని టేపుతో కొలుస్తూ.

"నేనుండగానే కొలతలేంట్రా?"

"బోర్డు కోసం బావా. నీ కోసం కాదు."

నగరపాలక సంస్థ ఫిర్యాదును తీవ్రంగా పరిగణించింది. అలా పరిగణించినప్పుడు ఏం చేస్తారో పాఠకులకు తెలుసు. కమిటీ వేశారు. చలికాలం తగ్గిపోవడంలో ప్రకృతి వాటా ఎంత, మనుషుల వాటా ఎంత అన్నది తేల్చడం దాని పని. రిటైరైన ఉన్నతాధికారి ఒకాయన అధ్యక్షుడు. శాఖల పెద్దలు సభ్యులు. సంగతి తెలిసినవాళ్ళు ఒకరైనా ఉండాలని నిబంధన ఉండబట్టి వాతావరణ శాస్త్రవేత్త ఒకామెను కూడా వేశారు. ఫిర్యాదుదారుడు కాబట్టి బాబాయికి గోడవారగా కుర్చీ వేశారు.

గది ఎంత చల్లగా ఉంటే అందులో కూర్చునే మనిషి అంత పెద్దవాడని ఆ కార్యాలయంలో లెక్క. గుమాస్తాలకు ఫాను. అధికారులకు ఏసీ. అధ్యక్షుడికి ఆ ఏసీ ఎంతకు దిగుతుందో అంత. చలి తగ్గించమంటే హోదా తగ్గించమన్నట్టే కనక ఆయన అడగడు. ఆయన అడగనిది ఇంకెవరూ అడగరు.

"గౌరవ సభ్యులారా, మన నగరం వేడెక్కిపోతున్నది. ఈ వేడిని ఇక క్షణం కూడా సహించరాదు" అంటూ మొదటి సమావేశంలో అధ్యక్షుడు ప్రసంగం ఎత్తుకున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అక్కడ ఆగి, గోడవైపు వంగి, "ఏమయ్యా, నీ కొట్లో పెద్ద సైజులు ఉంటాయా?" అన్నాడు.

బాబాయి సందులోకి పరుగెత్తి ఒక అట్టపెట్టె తెచ్చాడు. తిరిగి తీసుకెళ్ళడానికి అందులో ఏమీ మిగల్లేదు.

రెండో సమావేశానికి అందరూ స్వెటర్లతో వచ్చారు. స్వెటర్లు వేసుకునేసరికి గది ఉక్కగా ఉందన్నారు. ఇంకో రెండు ఏసీలు పెట్టించారు. బిగించింది బావమరిదే. అవి వచ్చాక ఒక స్వెటరు చాలక సభ్యులు మఫ్లర్లు అడిగారు. ఏసీల వేడిగాలి వెనక సందులోకి, సరిగ్గా బాబాయి కొట్టు మీదికి కొట్టేది. బాబాయి బనీనుతో కూర్చుని మఫ్లర్లు మడత పెట్టేవాడు. బావమరిది గోడ కొలవడం మానేశాడు.

విచారణ నిష్పక్షపాతంగా సాగింది. తారు వేడెక్కే మాట నిజమేననీ, దాన్ని వేడెక్కించేది సూర్యుడనీ రోడ్ల శాఖ తెలిపింది. చెరువు దానంతటదే ఎండిపోయిందనీ, నీళ్ళు తోడించాక వెళ్ళి చూస్తే చుక్క కూడా కనబడలేదనీ గృహనిర్మాణ శాఖ సాక్ష్యం చెప్పింది. బొగ్గు భూమిలో దొరుకుతుంది కాబట్టి దాన్ని కాల్చగా వచ్చే పొగ కూడా ప్రకృతి ప్రసాదమేనని విద్యుత్ శాఖ వాదించింది. ప్రకృతి తరఫున ఎవరూ హాజరు కాలేదు. నోటీసుకు జవాబు కూడా రాకపోవడంతో నేరం ఒప్పుకున్నట్టు నమోదు చేసుకున్నారు.

శాస్త్రవేత్త ఒక్కతే స్వెటరు కొనలేదు. చేతులు చంకల్లో దోపుకుని మాట్లాడింది.

"ఒక ఏడు చలి ఎక్కువ, ఒక ఏడు తక్కువ. అది సముద్రం పని, గాలుల పని. పెద్ద అగ్నిపర్వతం పేలితే ఒకటి రెండేళ్ళు చల్లబడుతుంది. సూర్యుడిలోనూ కాస్త హెచ్చుతగ్గులుంటాయి. అవన్నీ అటూ ఇటూ ఊగుతాయండి. మన చలికాలాలు ఊగడం లేదు, ఏళ్ళ తరబడి ఒకవైపే పోతున్నాయి. అది మన పొగ. పైగా పగటి వేడిని రాత్రంతా వదలకుండా పట్టుకునేది మన సిమెంటు."

"మరి నిరుడు రెండ్రోజులు వణికాం కదమ్మా?" అన్నాడు రోడ్ల శాఖాయన.

"వణికాం. ఆ రెండ్రోజులూ ప్రకృతే."

"ఆ చివరి మాట రాసుకోండి" అన్నాడు అధ్యక్షుడు.

ఆఖరి సమావేశం ముందురోజు భోజనాల దగ్గర భార్య అడిగింది.

"ఏమండీ, కమిటీ రేపటితో సరా?"

"రేపటితో సరి."

"మరి కమిటీని నమ్ముకుని ఆర్డరిచ్చిన కొత్త సరుకో?"

బాబాయి మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు శాస్త్రవేత్త తన సిఫార్సులు చదివింది. బొగ్గు తగ్గించాలి, చెట్లు పెంచాలి, చెరువు చెరువుకిచ్చెయ్యాలి. అవి ఎలాగూ తమ పదవీకాలంలో అయ్యేవి కావు కనక వీటికి సభ్యులు తలలూపారు. చివరిది మాత్రం అప్పటికప్పుడు అయ్యేది.

"ముందు ఈ గదిలో ఏసీలు కట్టేసి కిటికీలు తెరుద్దాం. బయట గాలి బాగానే ఉంది. మనతోనే మొదలుపెడదాం."

అధ్యక్షుడు మఫ్లరు సర్దుకున్నాడు.

"ఇది ప్రజల సమస్య. ప్రజల మాటే వినాలి. ఏమయ్యా, ఫిర్యాదు నీది. నువ్వేమంటావు?"

బాబాయి లేచి నిలబడ్డాడు. బల్ల చుట్టూ ఉన్న స్వెటర్లన్నీ తనవే. శాస్త్రవేత్త ఒక్కతే తనవైపు ఆశగా చూస్తోంది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

"పెద్దలు తొందరపడకూడదండి. ఇంకాస్త లోతుగా అధ్యయనం చేస్తే బాగుంటుంది" అన్నాడు.

ఫిర్యాదుదారుడి కోరిక మేరకు కమిటీ గడువు రెండేళ్ళు పొడిగించారు. కొత్త ఏసీలు సరిపోవడం లేదని కూడా అదే తీర్మానంలో చేర్చారు.

తర్వాతి రోజు ఉదయం కొట్టు తెరవగానే శాస్త్రవేత్త వచ్చింది. ముందురోజు సంగతి ఆమె ఎత్తలేదు. బాబాయీ ఎత్తలేదు.

"నిండు చేతుల స్వెటరు కావాలండి. రెండేళ్ళు మన్నాలి" అంది.

ఊలు బాబాయి తువ్వాలుతో మొహం మీద చెమట తుడుచుకుని, కొత్త పెట్టె దించాడు.